ఐదేళ్లలో బీటెక్, ఎంటెక్: వరంగల్ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ దారి లెక్కలు

కిందటి వేసవిలో మా బావ పరకాల నుంచి హనుమకొండకు వచ్చాడు. చేతిలో రంగురంగుల బ్రోచర్, వెనకాల మా మేనల్లుడు. బ్రోచర్ మీద పెద్దక్షరాలతో "ఆరేళ్ల చదువు ఐదేళ్లలో" అని ఉంది. "ఒక ఏడు ఫీజు, ఒక ఏడు హాస్టల్ మిగులుతది కదరా, ఇంక ఆలోచించేదేముంది" అన్నాడు బావ. మేనల్లుడు నోరు విప్పలేదు. ఎంటెక్ అంటే ఏం చదువుతారో వాడికి తెలియదు, ఎవరూ చెప్పలేదు కూడా. అన్నాలు తిన్నాక ముగ్గురం కూర్చుని వాడి రఫ్ నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్కలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నేను బీటెక్ ఒకచోట, ఎంటెక్ మరోచోట విడివిడిగా చేసినవాణ్ని. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను, చదివేటప్పుడు అది తీసేసి చదువుకోండి.

1. ముందు పేర్లు విడదీయండి

"ఇంటిగ్రేటెడ్" అనే మాటను మన దగ్గర నాలుగైదు రకాల చదువులకు వాడేస్తున్నారు. నిర్మల్ జిల్లా బాసరలో 2008లో వచ్చిన ఆర్జీయూకేటీ ఉంది. అక్కడిది ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. పదో తరగతి కాగానే చేరతారు, మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. ఆరేళ్లు అనగానే ఎంటెక్ కూడా చేతికొస్తుందని నమ్మిన తల్లిదండ్రులను నేను చూశాను. రాదు, చివరికి వచ్చేది బీటెక్కే.

డ్యూయల్ డిగ్రీ అంటే ఇంటర్ తర్వాత ఒకేసారి చేరి, ఐదేళ్ల చివర బ్యాచిలర్, మాస్టర్ రెండూ తీసుకోవడం. ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ కూడా దాదాపు అదే. కానీ కొన్నిచోట్ల రెండు సర్టిఫికెట్లు ఇస్తారు, కొన్నిచోట్ల రెండూ కలిపి ఒక్కటే ఇస్తారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ "బీటెక్ అర్హత" అని రాసిన ఉద్యోగ నోటిఫికేషన్ ముందు కూర్చున్నప్పుడు చిన్నదిగా ఉండదు.

మూడో రకం డిగ్రీ దారి. బీసీఏ గానీ బీఎస్సీ కంప్యూటర్స్ గానీ మూడేళ్లు, ఆపైన ఎంసీఏ రెండేళ్లు. ఎంసీఏ ఒకప్పుడు మూడేళ్లుండేది, 2020-21 నుంచి సాంకేతిక విద్యకు నిబంధనలు పెట్టే ఏఐసీటీఈ దాన్ని రెండేళ్లు చేసింది. దాంతో ఈ దారీ ఐదేళ్లకే తేలుతోంది. దీన్ని ఎవరూ "ఇంటిగ్రేటెడ్" అని బ్రోచర్ వేసి అమ్మరు కాబట్టి చాలామందికి ఇది లెక్కలోకే రాదు.

2. ఐదో ఏడు ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి

మేనల్లుడికి నోట్‌బుక్ ఇచ్చి రాయమన్నాను. "జీతం ఎక్కువొస్తది" అని రాశాడు. కొట్టేయించాను. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి క్యాంపస్‌లో వచ్చే కంపెనీలు ఎక్కువగా చూసేది కోడింగ్, ప్రాజెక్టులు, సీజీపీఏ (అన్ని సెమ్‌ల సగటు గ్రేడు). ఐదో ఏడు చదివినంత మాత్రాన ప్యాకేజీ దానంతటదే పెరగదు. పైగా నాలుగేళ్ల కోర్సులో చేరిన స్నేహితులు అప్పటికే ఒక ఏడాది అనుభవంతో ఉంటారు.

మరి ఎవరికి పనికొస్తుంది? ఒక్క సబ్జెక్టులోకి లోతుగా దిగాలనుకునేవాళ్లకు, అంటే మెషీన్ లెర్నింగో, కంపైలర్లో, సెక్యూరిటీయో ఏదో ఒకటి. పీహెచ్‌డీ వైపు చూసేవాళ్లకు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లకు. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీటెక్‌తో పాటు ఎంటెక్ ఉండాలి, లేదా ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ ఉండాలి, రెండింట్లో ఒకదాంట్లోనైనా ఫస్ట్ క్లాస్ రావాలి. మన వరంగల్ చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలుండగా ఇది గాలి లెక్కేమీ కాదు.

అమెరికాలో ఎంఎస్ చేయాలని ఇంట్లో ఇప్పటికే తీర్మానం అయిపోయి ఉంటే మాత్రం నాలుగేళ్ల బీటెక్ చాలు. ఇక్కడ ఒక మాస్టర్స్, అక్కడ మళ్లీ ఇంకో మాస్టర్స్ ఎందుకని వీసా ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి గట్టి సమాధానం ఉండాలి.

3. ఏ తలుపుకు ఏ పరీక్ష

బావ దృష్టిలో పరీక్ష అంటే ఎంసెట్ ఒక్కటే. దాన్ని ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారని చెప్పినా ఆయనకు ఎంసెట్టే. నిజానికి ఐదేళ్ల సీట్లు ఎక్కువగా దాని బయటే ఉన్నాయి.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ మనవాళ్లకు దగ్గర్లో ఉన్న గట్టి చిరునామా. అక్కడి డ్యూయల్ డిగ్రీలో బీటెక్‌కు తోడుగా వచ్చేది ఎంటెక్ కాదు, ఎంఎస్ బై రీసెర్చ్, అంటే పరిశోధన చేసి థీసిస్ రాసే మాస్టర్స్. కంప్యూటర్ సైన్స్‌తో పాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్, కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్, కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్ లాంటి కలయికలు ఉన్నాయి. వీటికి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, సొంత పరీక్ష యూజీఈఈ రాయాలి. అందులో రెండు భాగాలు. మొదటిది సబ్జెక్టు పరీక్ష, దాన్ని అర్హత కోసం చూస్తారు. రెండోది రీసెర్చ్ ఆప్టిట్యూడ్, ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో దాంతో తేలుస్తారు. కార్పొరేట్ కాలేజీ మెటీరియల్ బట్టీపట్టినవాడు ఈ రెండో భాగంలో తెల్లమొహం వేస్తాడు. తెలుగు వ్యాకరణం అంటే ఇష్టం, లెక్కలంటే భయం లేదు అనే పిల్లలుంటే లింగ్విస్టిక్స్ డ్యూయల్ గురించి తప్పకుండా చెప్పండి. అలాంటి పిల్లలను మనం లెక్కలు వచ్చు కదా అని సీఎస్ఈకి, తెలుగు ఇష్టం కదా అని డీఎస్సీకి తోసేస్తాం. రెండూ కలిసే చోటు ఒకటుందని ఎవరూ చెప్పరు. ఒక్క జాగ్రత్త: దరఖాస్తు గడువు ఎప్‌సెట్, జేఈఈ హడావుడి మధ్యలో వచ్చి దాటిపోతుంది. ఫోన్లో అలారం పెట్టుకోండి.

దానికి పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ ఉంది. దానికి జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. ఐఐటీల్లోనూ ఐదేళ్ల సీట్లున్నాయి, ఉదాహరణకు ఐఐటీ ఢిల్లీలో సీఎస్ఈ డ్యూయల్ డిగ్రీ. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి, ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగేళ్ల సీఎస్ఈ, ఐదేళ్ల సీఎస్ఈ పక్కపక్కనే కనిపిస్తాయి. తొందరలో ఒకదానికి బదులు మరొకటి క్లిక్ చేసేవాళ్లు ఉంటారు. బ్రాకెట్‌లో ఎన్నేళ్లని ఉందో చదివి నొక్కండి.

కరీంనగర్ వైపు నుంచి రాజీవ్ రహదారి మీద వస్తుంటే శామీర్‌పేట దగ్గర బిట్స్ హైదరాబాద్ క్యాంపస్ వస్తుంది. దాని పద్ధతి వేరు. వాళ్ల సొంత పరీక్ష బిట్‌శాట్ రాసి ఎంఎస్సీ మ్యాథ్సో, ఫిజిక్సో, ఎకనామిక్సో తీసుకుని చేరితే, మొదటి ఏడాది సీజీపీఏను బట్టి రెండో డిగ్రీగా ఇంజినీరింగ్ బ్రాంచి ఇస్తారు. అంటే బ్యాచిలర్ కంప్యూటర్ సైన్స్‌లో వచ్చినా మాస్టర్ ఎకనామిక్స్‌లో ఉండొచ్చు. మొదటి ఏడాది మార్కులు తగ్గితే కంప్యూటర్ సైన్స్ రాకపోనూవచ్చు. ఫీజు కూడా మన రైతు ఇళ్లకు బరువే.

ఎప్‌సెట్‌తోనే కావాలంటే కౌన్సెలింగ్ జాబితాలో జేఎన్‌టీయూహెచ్ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంటెక్ కనిపిస్తుంది. పేరు చివర "సెల్ఫ్ ఫైనాన్స్" అని ఉంటుంది. ఆ రెండు మాటల విలువ కింద డబ్బు దగ్గర చెప్తాను.

డిగ్రీ దారికి, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు చేసే దోస్త్‌లో పెట్టుకోవాలి. హనుమకొండ సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కరీంనగర్ ఎస్ఆర్ఆర్ ప్రభుత్వ కాలేజీ, నిజామాబాద్ గిరిరాజ్ కాలేజీ, ఇవన్నీ మనకు ఇంటి దగ్గరివే. డిగ్రీ తర్వాత ఎంసీఏకు ఐసెట్, ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్‌కు సీపీగెట్. నిట్‌లలో ఎంసీఏకు నిమ్‌సెట్ అని వేరే పరీక్ష. 1959లో మొదలై 2002లో నిట్ అయిన మన వరంగల్ ఆర్ఈసీలోనూ ఎంసీఏ ఉంది. నిమ్‌సెట్‌కు జనరల్ విద్యార్థులకు డిగ్రీలో 60 శాతం మార్కులు గానీ 6.5 సీజీపీఏ గానీ ఉండాలి, డిగ్రీలో మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదివి ఉండాలి. ఇంటర్‌లో సీఈసీ చేసి మ్యాథ్స్ లేని బీసీఏలో చేరినవాళ్లకు ఈ తలుపు అక్కడే మూసుకుపోతుంది. చేరే రోజే చూసుకోవాల్సిన సంగతి ఇది.

4. బ్రోచర్ పక్కన పెట్టి రెగ్యులేషన్స్ తెరవండి

మొత్తం పనిలో నేను ఎక్కువ సేపు కూర్చున్నది ఇక్కడే. ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో "అకడమిక్ రెగ్యులేషన్స్" అనే పీడీఎఫ్ ఉంటుంది. ముప్పై నలభై పేజీలు, చదవాలంటే నిద్రొస్తుంది. అయినా అందులో మనకు కావాల్సింది నాలుగైదు పేజీలే.

మొదట క్రెడిట్లు, అంటే ప్రతి సబ్జెక్టుకూ దాని బరువును బట్టి ఇచ్చే పాయింట్లు. ఏఐసీటీఈ నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ 160 క్రెడిట్లు, ఎంటెక్ 68. రెండూ విడివిడిగా చేస్తే 228. నోట్‌బుక్‌లో ఈ అంకె పైన రాసి గీత గీశాం. ఇప్పుడు ఐదేళ్ల కోర్సులో మొత్తం 200 అని ఉందనుకోండి. ఆ 28 క్రెడిట్లు ఎక్కడ తగ్గాయి? నాలుగో ఏడాదిలోనే ఎంటెక్ ఎలక్టివ్‌లు (మనం ఎంచుకునే సబ్జెక్టులు) చదివించి వాటిని రెండు డిగ్రీలకూ లెక్కేస్తే పద్ధతిగానే ఉంది. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టును పెంచి ఎంటెక్ థీసిస్‌లోకి తీసుకెళ్తే ఇంకా మంచిది, ఒకే సమస్య మీద ఏడాదిన్నర పనిచేసే అవకాశం వస్తుంది. అలా కాకుండా థీసిస్‌నే కత్తిరించి ఒక సెమ్ మినీ ప్రాజెక్టుతో సరిపెడుతుంటే, మీకు వచ్చేది ఎంటెక్ పేరు మాత్రమే. ఎంటెక్ రెండో ఏడాది చాలావరకు ప్రాజెక్టే, దాని అసలు సరుకు అక్కడే ఉంటుంది.

అసలేమీ తగ్గకుండా 228 కూడా పెట్టొచ్చు. అప్పుడు పది సెమిస్టర్లకు పంచితే సెమ్‌కు దాదాపు 23 క్రెడిట్లు. మామూలు బీటెక్‌లో సగటున 20. అంటే ప్రతి సెమ్‌లో ఒక సబ్జెక్టు ఎక్కువ మోయాలి. ఇంటర్‌లో ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా రుబ్బించుకుని వచ్చిన పిల్లవాడికి మళ్లీ ఇదా అని ఒకసారి ఆలోచించండి.

రెండోది, మధ్యలో దిగిపోయే వీలు. మా క్లాస్‌మేట్ ఒకడు ఇంటర్ కాగానే వేరే ఊళ్లో ఐదేళ్ల కోర్సులో చేరాడు. నాలుగో ఏడు చివర్లో మంచి ఉద్యోగం తగిలింది. బీటెక్ సర్టిఫికెట్ ఇప్పించండని వెళ్తే, ఐదేళ్లూ పూర్తయితేనే రెండూ కలిపి ఇస్తామన్నారు. చేరేటప్పుడు వాళ్ల నాన్న సంతకం పెట్టిన కాగితంలో ఆ వాక్యం ఉంది, ఎవరూ చదవలేదు. ఉద్యోగం పోయింది. అందుకే పీడీఎఫ్‌లో "ఎగ్జిట్" అనే మాట వెతకండి. నాలుగేళ్లకు బీటెక్ తీసుకుని బయటికి రావచ్చా, వస్తే ఏమైనా కట్టాలా, ఎప్పటిలోగా రాసివ్వాలి, ఈ మూడూ అందులో ఉండాలి. లేకపోతే ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. "ఏం కాదు సార్, ఇస్తాం" అనే మాట చెల్లదు.

మూడోది దీనికి తిరగేసినది: మిమ్మల్నే దింపేసే నిబంధన. బ్యాక్‌లాగ్ (పాస్ కాకుండా మిగిలిన సబ్జెక్టు) ఉంటే, సీజీపీఏ ఒక అంకె కంటే తగ్గితే ఎంటెక్ భాగంలోకి వెళ్లనివ్వకపోవచ్చు. ఆ అంకె ఎంతో, ఏ సెమ్ చివర చూస్తారో రాసుకోండి.

నాలుగోది థీసిస్ గడువు. రీసెర్చ్‌తో కూడిన డ్యూయల్‌లో ఐదేళ్లు అన్నది ఆశ మాత్రమే. పని తేలకపోతే ఇంకో సెమ్, మరో సెమ్ పడుతుంది. ఉద్యోగంలో చేరిపోయి రాత్రుళ్లు థీసిస్ రాసుకునేవాళ్లుంటారు, వాళ్లను పలకరించి చూడండి.

5. మిగిలిందనుకునే ఏడాదికి ఖర్చు వేయండి

బావ "ఒక ఏడు ఫీజు మిగులుతది" అన్నాడు కదా, అక్కడికొద్దాం. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో అర్హత సాధించి చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, 24 నెలల దాకా. అంటే 2,97,600 రూపాయలు. ప్రభుత్వ సంస్థలో చేరితే ఫీజులో మంచి భాగం దాంతోనే గడుస్తుంది. అదే ఐదేళ్ల కోర్సులో ఈ డబ్బు కొన్నిచోట్ల చివరి ఏడాదికే ఇస్తారు, కొన్నిచోట్ల అసలు ఉండదు. ఈ అంకె వేశాక బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇక ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్. తెలంగాణలో బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఎస్సీ, ఎస్టీల పరిమితి ఎంతో విడిగా చూసుకోండి. మీ సీటు సెల్ఫ్ ఫైనాన్స్‌దైతే, అంటే విద్యార్థుల ఫీజుతోనే నడిచే కోర్సులోదైతే, ఇది వర్తిస్తుందా, వర్తిస్తే ఎంటెక్ ఏడాదికి కూడానా అన్నది కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే అడగాలి. స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఆ కోర్సు పేరు కనిపిస్తుందా అని మీ ముందే తెరిపించి చూడండి. మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పోయి డబ్బు చేతికొచ్చే నెలలు వేరు, ఫీజు గడువు నెలలు వేరు అన్న సంగతి నేను చెప్పక్కర్లేదు.

6. ఇప్పటికే వరంగల్‌లో బీటెక్ చదువుతుంటే

ఐదేళ్ల సీటు రాలేదని బాధపడేదేమీ లేదు. మనకు మనమే దారి కుట్టుకోవచ్చు. కొంచెం ముందుచూపు కావాలి, అంతే.

మొదటి రెండేళ్లు బ్యాక్‌లాగ్ లేకుండా సీజీపీఏ 8 పైన ఉంచుకోండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ రెండో ఏడాది బీటెక్ విద్యార్థుల కోసం డ్యూయల్ డిగ్రీలోకి లేటరల్ ఎంట్రీ (మధ్యలో చేరే) పరీక్ష పెడుతూ వస్తోంది. దీని గురించి మన కాలేజీల్లో పదిమందిని అడిగితే ఒకరికి తెలుసు.

మూడో ఏడాదిలోనే గేట్ రాయండి, రాయనిస్తారు. ఆగస్టు, సెప్టెంబరులో దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష, మార్చిలో ఫలితం. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్. సీఎస్ పేపరుతో పాటు 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 2027 మార్చిలో వచ్చిన స్కోరుతో 2028లో బీటెక్ కాగానే చేరవచ్చు, 2029లోనూ చేరవచ్చు. మూడో ఏడు రాసింది బాగా రాకపోతే నాలుగో ఏడు మళ్లీ రాస్తారు, నష్టం పరీక్ష ఫీజే. ఎంటెక్ సీట్లకు నిట్‌లలోనైతే సీసీఎంటీ కౌన్సెలింగ్, రాష్ట్ర కాలేజీల్లోనైతే పీజీఈసెట్.

నేను మూడో ఏడాదిలో రాయలేదు. "ఇంకో ఏడాది ఉంది కదా" అనుకున్నాను. నాలుగో ఏడాది ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్, గేట్ మూడూ ఒకే శీతాకాలంలో మీద పడ్డాయి. ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దు.

బీటెక్ నాలుగేళ్లది కాబట్టి ఎంటెక్ ఒక్క ఏడాదిలో అయిపోతుందా అని కొందరు అడుగుతున్నారు. కాదు. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ తర్వాత ఏడాది పీజీ అని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2024లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ఎంఏ, ఎమ్మెస్సీ లాంటి వాటికి. బీటెక్ తర్వాత ఎంటెక్ రెండేళ్లే.

7. రెండు డిగ్రీలూ ఒకేసారి చదవొచ్చా?

2022 ఏప్రిల్‌లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకే సమయంలో చదవొచ్చని చెప్పింది. అప్పుడు చైర్మన్ మన మామిడాల జగదీశ్ కుమార్. క్లాసుల వేళలు కలవకూడదు, లేదా ఒకటి ఆన్‌లైన్, దూరవిద్యలో ఉండాలి. కానీ బీటెక్ చదువుతూనే దాని మీద ఎంటెక్ చదవడం కుదరదు, ఎంటెక్‌లో చేరాలంటే బీటెక్ అర్హత చేతిలో ఉండాలి. కుదిరేది బ్యాచిలర్‌కు తోడుగా ఇంకో బ్యాచిలర్. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సును బీటెక్ పిల్లలు పక్కన చదువుతున్నది ఇలాగే. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. 142 క్రెడిట్లు పూర్తయితే బీఎస్, మధ్యలో ఫౌండేషన్, డిప్లొమా దగ్గర ఆగిపోవచ్చు. కాలేజీ మిడ్ పరీక్షలు, ఐఐటీ మద్రాస్ క్విజ్‌లు ఒకే వారంలో పడితే ఏది వదిలేస్తారో ముందే అనుకోండి.

8. "మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ" అనేవాళ్లతో

విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం ఉంది, నాలుగో ఏడాది అక్కడే అనే కోర్సుల వాళ్లను అడగాల్సింది ఒక్కటే: వీసా రాకపోతే మా పిల్లవాడు నాలుగో ఏడాది ఎక్కడ కూర్చుంటాడు? దానికి కాగితం మీద సమాధానం ఉంటే మిగతావి మాట్లాడండి.

ఆ మధ్యాహ్నం ఐదింటికి టీ తాగేసరికి నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి. బ్రోచర్ కోర్సు పీడీఎఫ్‌లో ఎగ్జిట్ అనే మాట ఎంత వెతికినా దొరకలేదు. బావ ఆ బ్రోచర్‌ను మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు. మేనల్లుడు ఎప్‌సెట్‌తో హనుమకొండలోనే నాలుగేళ్ల సీఎస్ఈలో చేరాడు, మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న ఫస్ట్ సెమ్ ఫలితాలొచ్చాయి, 8.4. నోట్‌బుక్‌లో తను రాసిన మొదటి వాక్యం కొట్టేసి ఉంది కదా, దాని కింద ఇంకా ఏమీ రాయలేదు. గోడమీద క్యాలెండర్‌లో మాత్రం వచ్చే ఏడాది లేటరల్ ఎంట్రీ అని పెన్సిల్‌తో రాసుకున్నాడు.